బాబాయి తెస్తానన్న ఉప్పు

డాక్టరుగారు బీపీ చూసి నా చేతికి చుట్టిన పట్టీ విప్పుతూ, "ఇక ఉప్పు మానెయ్యాలండీ" అన్నారు. నేను జీవితంలో చాలా మానేశాను. బీడీలు మానేశాను, పేకాట మానేశాను, మా బావమరిదితో మాట్లాడ్డం మానేశాను. అన్నీ మళ్లీ మొదలుపెట్టాను. మానేశాక మళ్లీ అటువైపు తొంగిచూడనిది ఒక్క బడే. ఏడో తరగతి తప్పి బయటపడ్డవాణ్ని ఈ రోజుదాకా ఆ గుమ్మం ఎక్కలేదు. అంత నిగ్రహం నాకు ఇంక దేని మీదా లేదండీ అని డాక్టరుగారికి చెప్పాను. ఆయన నవ్వలేదు. చీటీ మీద ఇంకో మాత్ర రాశారు.

బెజవాడలో మా అపార్టుమెంటు డాబా మీద మా అమ్మకో తోట ఉంది. తోటంటే పాత పెయింటు డబ్బాలు, చెవులు ఊడిన బకెట్లు, పక్క ఫ్లాటువాళ్లు పారేసిన వాషింగ్ మెషీను తొట్టి. లారీల వెనక 'హారన్ కొట్టుము' అని రాసి సంసారం ఈదినవాణ్ని, పెయింటు డబ్బాలకి నా దగ్గర లోటు లేదు. అమ్మకి ఎనభై దాటాయి. కుడి చెవి వినపడదు. ఎడమ చెవి తనకి ఇష్టమైతే వినపడుతుంది. మొన్నటి వానలకి మిరప మొక్క వేసిన డబ్బాలో గంగవాయిలు కూర దానంతటదే మొలిచింది. ఎర్రటి కాడలు, దళసరిగా నున్నగా ఉండే చిట్టి ఆకులు. అమ్మ దాన్ని పీకనివ్వలేదు. బాగా పాకాక తుంచి కిందికి పంపింది. మా ఆవిడ కందిపప్పులో వేసి, డాక్టరు చెప్పినట్టే ఉప్పు లేకుండా వండి నా ముందు పెట్టింది.

ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాను.

"ఏం, బాగాలేదా?" అంది మా ఆవిడ.

"బాగుంది" అన్నాను.

పెళ్లయ్యాక నేను ఒక కూరని బాగుందనడం అదే మొదలు. ఆవిడ కంగారుపడి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం కాదు. ఆ చప్పదనం నాకు తెలిసినది. దాని వెనక ఒక పెరడు ఉంది, ఆ పెరట్లో ఒక చొక్కా ఉంది.

మా ఊరు బందరు వైపు. సముద్రం కనపడనంత దూరం, గాలి తిరిగితే వాసన తెలిసేంత దగ్గర. నాన్న రైసుమిల్లులో పనిచేసేవాడు. బాబాయికి పెళ్లి కాలేదు. ఇంటి వెనక ఉన్న ఆ కాస్త నేలే బాబాయి లోకం. బీర, పొట్ల, ఆనప, దొండ, గట్టు మీద మునగ. ఏ కాలానికి ఏది వెయ్యాలో ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున్నే లేచి మట్టి ఒక పిడికెడు తీసి వాసన చూసేవాడు. బాగుంటే తల ఊపేవాడు, బాగాలేకపోతే మాతో ఆ పూట మాట్లాడేవాడు కాదు. సాయంత్రం బీరపూలు విచ్చుకునే వేళకి పందిరి కింద పసుపచ్చగా వెలుగు వచ్చేది. నాన్న మిల్లు నుంచి తవుడు కొట్టుకుని వచ్చి ఆ పందిరి కిందే కూర్చునేవాడు. అమ్మ అక్కడే కూర తరిగేది. మా ఇంట్లో ఎవరు ఎవరి మీద అలిగినా ఆ పందిరి కిందికి వచ్చేసరికి మాటలు కలిసేవి.

పొట్లకాయ వంకర తిరగకుండా కొసన రాయి కట్టేవాడు బాబాయి. నేను పెద్ద రాయి కడితే పెద్ద కాయ అవుతుందని సగం ఇటుక కట్టాను. కాయ తెగి కిందపడింది.

"ఒరే, నువ్వు కూడా పొట్టిగానే ఉన్నావు. రా, నీ కాలికి కడతా ఆ ఇటుక" అని వెంటపడ్డాడు. నేను మునగచెట్టు ఎక్కాను. మునగకొమ్మ విరిగింది. రెండు దెబ్బలు పడాల్సింది, బాబాయికి నవ్వు ఆగక ఒకటే పడింది.

మాది ప్రార్థన చేసుకునే ఇల్లు. దీపం పెట్టగానే నాయనమ్మ అందర్నీ కూర్చోబెట్టేది. ప్రభువుతో ఆవిడ మాట్లాడే తీరు పక్కింటావిడని చేబదులు అడుగుతున్నట్టు ఉండేది. బోలెడు సంగతులు చెప్పి, చివర్న మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. "ప్రభువా, పెద్దోడికి ఓపిక, చిన్నోడికి పెళ్లి, వీడికి లెక్కలు. ఆమేన్." వీడు అనేటప్పుడు కళ్లు మూసుకునే నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసేది, ప్రభువు ఇంకెవర్నో అనుకుంటాడని.

ఆ ఏడు వరి కోతకొచ్చింది. పొద్దుటి నుంచి ముసురు. సముద్రం ఒడ్డున ఇసక నేలల్లో చిలకడదుంప బాగా వస్తుందని, అక్కడ తన స్నేహితుడు తీగలు ఇస్తానన్నాడని, ఇప్పుడు తెచ్చి నాటితే ఎండాకాలానికి దుంపలు తినొచ్చని బాబాయి తొందర. వాన తగ్గాక వెళ్లమని నాన్న అన్నాడు. "తీగ తెచ్చేది వానలోనేరా అన్నయ్యా, ఎండలో తెస్తే వాడిపోదూ" అన్నాడు బాబాయి.

అన్నానికి కూర్చున్నాం. నాయనమ్మ పప్పు వడ్డించింది. ఒక ముద్ద తిని నేనన్నాను, "నాయనమ్మా, సముద్రం ఇంత దగ్గర పెట్టుకుని పప్పులో ఉప్పు లేదేంటే?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయనమ్మ నాలుక కరుచుకుని ఉప్పుకుండ కోసం చెయ్యి చాపింది. బాబాయి అప్పటికే సగం తినేశాడు, ఉప్పు లేదని ఒక్క మాట అనకుండా. లేచి చెయ్యి కడుక్కుంటూ, "ఉండవే, సముద్రం దాకా వెళ్తున్నాగా. నీకు కావలసినంత ఉప్పు తెస్తాలే" అన్నాడు. అందరం నవ్వాం. గోనెసంచి సైకిలు వెనక కట్టుకుని వెళ్లాడు. సందు మలుపులో బెల్లు కొట్టడం అతని అలవాటు. కొట్టాడు.

ఆ తర్వాత జరిగింది మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకి చెప్పలేను. ఆ రాత్రి ఉప్పెన గాలికి మా ఇంటి పెంకులు కాకుల్లా ఎగిరిపోయాయి. మంచం కింద నాన్న మా అందరి మీదా బోర్లా పడుకున్నాడు. తెల్లారేసరికి గాలి లేదు. ఒక్క పిట్ట అరుపు లేదు. సముద్రపు నీళ్లు మురుగుకాలవలోంచి ఎదురెక్కి మా పెరట్లో మోకాలి లోతు నిలబడి ఉన్నాయి. పందిరి లేదు. నాయనమ్మ ఆ నీళ్లలోకి దిగి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పగా ఉందిరా పెద్దోడా" అంది. అంతే.

నాన్న ఊళ్లోవాళ్లతో కలిసి సముద్రం వైపు వెళ్లాడు. చాలా రోజులు వెళ్లాడు. ప్రతిసారీ బావి దగ్గర కూర్చుని పాదాలు రుద్దుకునేవాడు, తోలు ఊడిపోయేలా. ఏం చూశాడో మాకు చెప్పలేదు. ఆ ఒడ్డునున్న స్నేహితుడి ఊరే లేదట. బాబాయి దొరకలేదు, సైకిలూ దొరకలేదు.

మా గుడి అయ్యగారు వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, "అమ్మా, జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకుందాం. అందరిళ్లలోనూ జరుగుతున్నాయి" అన్నారు మెల్లగా.

"ఎవరి జ్ఞాపకార్థమండీ?" అంది నాయనమ్మ.

ఆయన నేలచూపులు చూశారు.

"వాడు ఉప్పు తెస్తానని వెళ్లాడండి అయ్యగారూ. వస్తాడు. వాడొచ్చేదాకా నేను వేరే ఉప్పు ముట్టుకోను."

నాన్న ఉండబట్టలేక, "వచ్చిందిగా అమ్మా, పెరడంతా ఉప్పేగా!" అన్నాడు.

"అది సముద్రం తెచ్చింది. వాడు తెచ్చేది వేరు."

ఆ రోజు నుంచి ఆవిడ గిన్నె వేరు. ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని గంజి. ప్రార్థన మాత్రం మారలేదు. పెద్దోడికి ఓపిక, చిన్నోడికి పెళ్లి, వీడికి లెక్కలు. ఆ మధ్య మాట దగ్గర అమ్మ ఊపిరి బిగబట్టడం నాకు వినపడేది. నా నెత్తి మీద మొట్టికాయ కూడా నెమ్మదిగా పడేది. గట్టిగా కొడితే బాగుండునని నాకు మొదటిసారి అనిపించింది.

ఇక చొక్కా సంగతి. పిచికలు రాకుండా బాబాయి పెరట్లో ఒక దిష్టిబొమ్మని నిలబెట్టాడు. వెదురు కర్రలు, తలకి కుండ, ఒంటికి తన పాత ఆకుపచ్చ గళ్లచొక్కా. గాలికి పందిరి పోయింది, పశువుల పాక పోయింది. ఆ బొమ్మ పోలేదు. కుండ పగిలి, తల లేకుండా, రెండు చేతులూ చాచి నిలబడింది. నాయనమ్మ దానికి కొత్త కుండ పెట్టింది. పొద్దున్నే దాని దగ్గర నిలబడి మాట్లాడేది. "మునగ పోయిందిరా. దొండపాదు వేరు కుళ్లింది. ఏం చెయ్యమంటావు?" ఇంట్లోంచి చూస్తే ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నట్టే ఉండేది. అమ్మ అటువైపు కిటికీ వేసేసింది.

నాకు అందరి గొంతులూ వచ్చేవి. ఒకరోజు కూలిన గోడ వెనక నక్కి, అచ్చం బాబాయి గొంతుతో అన్నాను, "దిగులుపడకు అమ్మా, వచ్చేస్తాలే."

నాయనమ్మ వెనక్కి తిరగలేదు. ఉలిక్కిపడలేదు. "వాడు నన్ను ఏనాడైనా అమ్మా అన్నాడట్రా? 'ఏమే' అంటాడు. బయటికి రా వెధవా" అంది. వచ్చాను. కొడుతుందనుకున్నాను. నా భుజం పట్టుకుని, బొమ్మ వంక చూస్తూ, "గొంతు మాత్రం బాగా కుదిరిందిరా" అంది. ఆ తర్వాత చాలాకాలం నేనెవరి గొంతూ అనుకరించలేదు.

ఎండాకాలం వచ్చింది. పెరడు ముగ్గు పోసినట్టు తెల్లగా తేలింది. నడిస్తే కాలి కింద చిటపటమనేది. ఒక్క గడ్డిపరక లేదు. మునగచెట్టు ఎండిపోయి కూడా నిలబడే ఉంది. ఆ ఎండకి ఉప్పు తినని మనిషి ఎంతకాలం ఆగుతుంది? నాయనమ్మకి కాళ్లు కొంకర్లు పోయేవి. మాటలు తడబడేవి. ఒక మధ్యాహ్నం ఆ బొమ్మ పాదాల దగ్గరే పడిపోయింది. నాన్న ఎత్తుకొచ్చి మంచం మీద వేశాడు. కాంపౌండరు వచ్చి నాడి చూసి, "మందులెందుకండీ? ఉప్పేసి మజ్జిగ తాగించండి. లేకపోతే ఈ ఎండలు దాటదు మనిషి" అన్నాడు.

అమ్మ గ్లాసు పెదాలకి ఆనించింది. నాయనమ్మ ఉమ్మేసింది.

"అమ్మా, ఒకడు పోయాడు చాలదా? నువ్వూ పోతావా?" అన్నాడు నాన్న.

"ఎవడు పోయాడ్రా?" అంది నాయనమ్మ కళ్లు తెరవకుండా.

నాన్న బయటికి వెళ్లిపోయాడు. ఆ పూటే పార తీసుకుని పెరటి చుట్టూ గట్టు వెయ్యడం మొదలుపెట్టాడు. తోటపనంటే నాన్నకి ఏమీ తెలీదు. మిల్లుకొచ్చే రైతులు చెప్పుకుంటుంటే విన్నాడట, నీళ్లు పెట్టి కడిగితే నేలలో ఉప్పు పోతుందని. కాలవకి నీళ్లు వదలగానే పెరడు నిండా పెట్టడం, నానాక మురుగులోకి వదిలెయ్యడం, మళ్లీ పెట్టడం. మిల్లు నుంచి వచ్చిన తవుడు ఒంటితోనే దిగేవాడు. అమ్మ దిగింది, నేను దిగాను. బడి మానడానికి ఇంత గొప్ప సాకు మళ్లీ దొరకదని నేను రోజంతా దిగాను.

నాయనమ్మ మంచం పెరటి గుమ్మంలోకి లాగించుకుంది. "అటు గట్టు తెగిందిరా. పల్లం వైపు తవ్వండి. మీ తాతకి కూడా ఇంతే పని చేతనయ్యేది" అంటూ పడుకునే తిట్టేది. ఆ తిట్లు విని నాన్న మొహం వెలిగేది. ఒకరోజు అమ్మ జారి బురదలో వెల్లకిలా పడింది. లేవబోయి మళ్లీ పడింది. ముందు నాన్న నవ్వాడు, తర్వాత అమ్మే నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్లయిందో! నవ్వుతూనే ముగ్గురం బొమ్మ వైపు చూశాం, ఎందుకో తెలీదు. గాలికి దాని చొక్కా చేతులు ఊగుతున్నాయి.

తొలకరి పడ్డ కొద్ది రోజులకి, బొమ్మ మొదట్లో ఎర్రటి కాడ ఒకటి పాకింది. గంగవాయిలు కూర. ఎవరూ చల్లలేదు. ఆ పెరట్లో మొదటి పచ్చదనం అదే, సరిగ్గా ఆ చొక్కా నీడలో. నాయనమ్మ గోడ పట్టుకుని నడిచి వెళ్లి, వంగి తనే తుంచింది. గుప్పెడు వచ్చింది. "అమ్మాయ్, నా పప్పులో వెయ్యి" అని అమ్మ చేతికి ఇచ్చింది.

అందరం కూర్చున్నాం. నేను నాయనమ్మ పక్కన. అమ్మ ఆవిడ గిన్నెలోంచి ఆవిడకి వడ్డించింది. నాయనమ్మ కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

దవడ కదల్లేదు. అమ్మ వైపు చూసింది. అమ్మ పొయ్యి వైపు చూస్తోంది. నాన్న అమ్మ వైపు చూశాడు. నాయనమ్మ ఆ ముద్ద నెమ్మదిగా నమిలి మింగింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"తెచ్చాడు" అంది.

ఆ పప్పు మొత్తం తినేసింది. గిన్నె ఒంపి, వేలితో తుడిచి తినేసింది. చెయ్యి కడుక్కుని, "పెద్దోడా, అయ్యగారికి కబురు పెట్టు" అంది.

ఆ సాయంత్రం ప్రార్థనలో చివరి మాటల దాకా వచ్చింది. "ప్రభువా, పెద్దోడికి ఓపిక..." అని ఆగింది. ఆ ఆగిన చోట సందు మలుపులో సైకిలు బెల్లు వినపడుతుందేమోనని నేను చెవులు రిక్కించాను. వినపడలేదు. "వీడికి లెక్కలు" అంది. మొట్టికాయ గట్టిగా పడింది.

జ్ఞాపకార్థ ప్రార్థన జరిగాక బొమ్మ ఒంటి మీది చొక్కా విప్పి, కాలవలో ఉతికి, నాకు సరిపోయేలా కుట్టించింది. అది వేసుకుని బడికి వెళ్లాను. ఎన్నిసార్లు ఉతికినా చంకల దగ్గర తెల్లటి ఉప్పు చార తేలేది. అది నా చెమటో, మరి ఇంకేదో. పిచికలు మాత్రం నా దగ్గరికి వచ్చేవి కావు. ఆ ఏడే ఏడో తరగతి తప్పాను. పెరట్లో పని దొరికింది కాబట్టి బాధపడలేదు.

వరి కోతల కాలం మళ్లీ వచ్చినప్పుడు నాన్న గోనెసంచి తీసుకుని, "తీగలు తెస్తాను" అన్నాడు. అదే దారి. నాయనమ్మ వద్దనలేదు. అన్నం పెట్టింది. పప్పులో ఉప్పు సరిపోయిందా లేదా అని అడిగి అడిగి చంపింది. నాన్న వెళ్లినప్పటి నుంచి సందు మలుపులో నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. పొద్దు వాలాక, సంచిలోంచి తీగలు వేలాడుతూ నాన్న కనిపించాడు. ఆవిడ ఎదురెళ్లలేదు. "ఇంత ఆలస్యమేంట్రా, వాడిపోలా?" అని తిట్టి లోపలికి వెళ్లి పడుకుంది. ఆ రాత్రి భోజనానికి కూడా లేవలేదు.

ఆ దుంపల్లో మొదటివి కోతపండగకి గుళ్లో పెట్టాం. ఎవరింటి కానుకో పేరు చెప్పి పిలవడం మా గుడి పద్ధతి. ఎవరి పేరు చెప్పమంటారని అయ్యగారు అడిగితే నాయనమ్మ ఇంట్లో అందరి పేర్లూ చెప్పింది. బాబాయి పేరూ చెప్పింది. అయ్యగారు అన్నీ చదివారు. ఎవరూ తల తిప్పలేదు. అలాంటి పేర్లు ఆ ఏడు ప్రతి ఇంటికీ ఉన్నాయి.

ఆ పెరట్లో ఇప్పుడు చేపల చెరువు ఉంది. నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది, నాన్నా పోయాడు. మంచి ముసలితనాలే. నేను పనిమీద అటు వెళ్లినప్పుడు ఆ చెరువు గట్టున ఆగను. ఆగితే నీళ్లలోంచి రెండు చేతులు చాచి ఆకుపచ్చ గళ్లచొక్కా నిలబడుతుందని ఈ వయసులో కూడా భయం.

ఇదీ మొన్న ముద్ద నోట్లో పెట్టుకుని నేను ఆగిపోయిన కారణం. దాంతోపాటు ఇంకోటి కూడా తట్టింది. మా ఆవిడ వండిన ఆ పప్పులో కాస్త పులుపు ఉంది. ఉప్పు మాత్రం ఎక్కడా లేదు. అంటే ఆ ఆకులో ఉప్పు ఉండదా? ఉప్పు నేలలో మొలిచింది కాబట్టి దానికి అంటుకుందా? లేకపోతే ఆ రోజు పొయ్యి వైపు చూస్తున్న మనిషి...

చెయ్యి కడుక్కోకుండానే డాబా ఎక్కాను. అమ్మ మిరప డబ్బా ముందు పీట వేసుకుని కూర్చుని మట్టి గుల్ల చేస్తోంది. ఎడమ చెవి వైపు చేరి అడిగాను. "అమ్మా, నిజం చెప్పు. ఆ రోజు నాయనమ్మ పప్పులో నువ్వు ఉప్పేశావా, లేదా?"

వినపడనట్టు ఊరుకుంది. మళ్లీ అడిగాను. ఒక పిడికెడు మట్టి తీసి వాసన చూసి, తల ఊపి, అప్పుడు నా వైపు తిరిగింది.

"తిన్న మనిషి అడక్కుండానే తిని లేచిందిరా. పాపం, అన్నేళ్లు ప్రార్థన చేసింది గానీ, నీకు మాత్రం లెక్కలు రాలేదు."